ప్రెసిడెంటు గారి లైబ్రరీ

టంగుటూరులో బస్సు దిగి
పొగాకు బ్యారన్ల మధ్య షేర్ ఆటోలో ఊగి ఊగి వస్తే
పంచాయతీ ఆఫీసు వెనక రెండు గదులు.
బోర్డు మాత్రం గదులకంటే పొడుగు:
ప్రెసిడెంటు మాలకొండయ్య గారి స్మారక
గ్రంథాలయము మరియు వస్తు ప్రదర్శనశాల.
దాని కింద సుద్దముక్కతో ఎవరిదో చిన్న చెయ్యి:
చెప్పులు బైట.

దేశానికి కాదు లెండి,
రెండువేల మూడొందల ఓట్లకి ప్రెసిడెంటు.
నాలుగుసార్లు గెలిచాడు.
మొదటిసారి మా తాత మీద,
పదకొండు ఓట్లతో.

ఆ సంగతి తాళాలు తెచ్చిన కాశింబీకి చెప్పలేదు.
"యాడ్నించమ్మా?" అంటే "ఒంగోలు" అన్నాను.
అబద్ధమేం కాదు.

గ్లాసు బీరువాలో మూడు సెల్లుల టార్చిలైటు,
కాలు విరిగితే దారం చుట్టిన కళ్ళజోడు,
రబ్బరుస్టాంపు. మొదటక్షరం అరిగిపోయి
"సిడెంటు" మిగిలింది.
ఇంటిపన్ను రసీదుల పుస్తకంలో ఆఖరిది
ఆయన పేరు మీదే,
ఆయనే కట్టి ఆయనే సంతకం పెట్టుకున్నాడు.

స్టూలు మీద పసుపు గుడ్డ పరిచి
తుప్పు పట్టిన ఇనపముక్క ఒకటి.
"బోరు బిట్టు" అంది కాశింబీ
మనవరాలి పట్టీలు చూపించినట్టు.
"రెండొందల నలభై అడుగుల దాకా ఉప్పే.
మిషనోడు దణ్ణం పెట్టి పోతానన్నాడు.
ఈయన కుర్చీ తెప్పించుకుని ఆడ్నే కూచున్నాడు,
ఇంకో ఇరవై, ఇంకో ఇరవై అంటా.
ఆ దుడ్లు ఎద్దులమ్మి ఇచ్చాడంటారు కొందరు.
పంచాయతీ లెక్కలో రాసుకున్నాడంటారు కొందరు."
"నువ్వేమంటావు?"
"నేను నీళ్ళు తాగినా."

రెండో గదిలో పుస్తకాలు.
గెజెట్లు, వ్యవసాయ శాఖ కరపత్రాలు,
అట్టలూడిన డిటెక్టివ్ నవలలు ఒక బీరువాడు.
ప్రతి దాన్లో ఇరవయ్యో పేజీ దగ్గర
హంతకుడెవరో ముందే ఊహించి పెన్సిలుతో రాసుకున్నాడు.
నాలుగు తీసి చివర చూశాను.
నాలుగూ తప్పే.
కాస్త సంతోషమేసింది, ఎందుకు దాచడం.

అప్పుడు కనిపించింది గోడ మీద, ఫ్రేములో.
ఆ "క్ష" నాకు తెలుసు.
తోకని అలా కిందికి లాగి వదిలేది
మా ఇంట్లో ఒక్కరే.
"మహారాజశ్రీ కలెక్టరు గారి సముఖమునకు.
మా ప్రెసిడెంటు బోరును తన వీధిలోనే వేయించుచున్నాడు.
కాలనీవారు బిందెలతో రెండు మైళ్ళు నడుచుచున్నారు."
ఆఫీసు వాళ్ళు ఆనవాయితీ తప్పకుండా
ఎవరి మీద రాశారో ఆయనకే పంపారు,
తగు చర్య నిమిత్తం.

పక్కన ఎర్రసిరాతో, వంకర రాత:
"ఈ మనిషి నాకు గిట్టడు.
రాసింది నిజం.
బోరు కాలనీకి మార్చవలెను."

వాడు నా అర్జీ చించి పొయ్యిలో పెట్టాడని
మంచం పట్టిన రోజుల్లో కూడా అనేవాడు తాత.
ఆ బోరు నీళ్ళు ఒక్క గుక్క ముట్టలేదు.
సైకిలుకి అటో బిందె ఇటో బిందె కట్టుకుని
పొద్దున్నే పక్క ఊరు పోయేవాడు.
పొద్దస్తమానం మోకాళ్ళు నొక్కుకునేవాడు.
చిన్నప్పుడు ఆ వెనక క్యారేజీ మీద
బిందెల మధ్య ఇరుక్కుని నేనూ పోయాను.
అదో విహారం అనుకున్నాను.

ఎవరు దాచారిది? ఆయనేనా?
కాశింబీకి తెలీదు. "పెట్టెలో ఉన్నింది" అంది.

విజిటర్ల పుస్తకంలో నా పైన
పదో తరగతి పిల్లాడెవరో రాశాడు: ఫ్యాను తిరగడం లేదు.
నిజంగానే తిరగడం లేదు.
పేరు అన్న గడిలో తాత పేరు రాశాను, ఇంటిపేరుతో సహా.
అభిప్రాయం అన్న గడి దగ్గర పెన్ను ఆగింది.

కాశింబీ ఆ పేరు చదివిందో లేదో.
స్టీలు గ్లాసు మాత్రం
రెండుసార్లు తొలిచి తెచ్చింది.
"ఎండనపడి వచ్చావు. తాగు."

తాగాను, అడుగుదాకా.
కొంచెం ఉప్పగానే ఉన్నాయి.
ఆ మాట పుస్తకంలో రాయలేదు.